ఆయిల్ దీపం కథా కమామీషు

కారు తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద వెలిగి, ఇంజను స్టార్టవగానే ఆరిపోయే ఎర్ర బొమ్మ ఒకటుంటుంది. చూడ్డానికి అలాద్దీన్ అద్భుత దీపంలా ఉంటుంది, ముక్కు చివర ఒక చుక్క. నిజానికది దీపం కాదు, పాతకాలపు నూనె డబ్బా. కుట్టుమిషన్లకి నూనె వేసే సన్నముక్కు డబ్బా చూశారు కదా, దానికి పెద్దన్నయ్య అన్నమాట. రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిలో, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ బొమ్మ మిణుకుమిణుకుమందంటే ఓనరు గుండె గుభేలుమంటుంది. గ్యారేజీకి తీసుకెళ్తే చాలాచోట్ల వినబడే మాట ఒకటే: "బండి బోరుకొచ్చింది సార్, ఇంజన్ దించాలి". ఆ ఒక్క మాట ఖరీదు, క్యాబ్ నడుపుకుని బతికేవాడికి కొన్ని నెలల సంపాదన.

నా ఉద్దేశంలో ఆ దీపం చెప్పే సంగతి చాలా తక్కువ. తక్కువ చెప్పేలాగే దాన్ని తయారుచేశారు కూడా. అందుకే దాన్ని చూసి ఇంజను దించెయ్యడం, లాగ్ ఫైలు తెరవకుండా సర్వర్ మార్చెయ్యడం లాంటిదని నా వాదన. ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి, 1880ల ఇంగ్లండుకి వెళ్లాలి.

అప్పట్లో అక్కడి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ వాళ్లు రాపిడి మీద పరిశోధన చేయమని బీచమ్ టవర్ అనే ఇంజనీరుకి పని అప్పజెప్పారు. ఆయన రైలుపెట్టె ఇరుసు లాంటి ఒక ఇరుసుని తిప్పుతూ, దాని మీద ఇత్తడి బేరింగు పెట్టి, దాని మీద బరువు వేసి, ఎంత రాపిడి పుడుతోందో కొలిచేవాడు. ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి ఉంటుంది. బేరింగు నెత్తిన ఒక కన్నం పొడిచారు, మామూలుగా అందరూ చేసినట్టే పైనుంచి నూనె చుక్కలు వేద్దామని. యంత్రం తిప్పితే ఏమైందంటే, నూనె లోపలికి పోవడం మాట దేవుడెరుగు, లోపలినుంచి కన్నంలోకి పొంగి బయటికొచ్చింది. కార్కు బిరడా పెట్టారు, తన్నేసింది. చెక్క మేకు కొట్టారు, దాన్నీ మెల్లగా బయటికి నెట్టేసింది. చివరికి అక్కడొక ప్రెషర్ గేజి బిగిస్తే, ముల్లు 200 పీఎస్ఐ దాటి కొసకి వెళ్లిపోయింది. బేరింగు మీద వేసిన బరువు సగటున 100 పీఎస్ఐ మాత్రమే! 1883లో ఇది అచ్చయింది.

అంటే ఇరుసు, ఇత్తడి ఒకదాన్నొకటి తాకడమే లేదు. మధ్యలో నూనె పొర మీద బరువంతా తేలుతోంది. ఆ పొరలో ఒత్తిడిని పుట్టించేది ఏ పంపూ కాదు, తిరుగుతున్న ఇరుసే. వానలో వేగంగా పోయే కారు టైరు నీళ్ల పొర మీదకెక్కి తేలుతుంది చూడండి, అదే సూత్రం. అక్కడ అది ప్రమాదం, ఇక్కడ ప్రాణం. మాంచెస్టర్లో ప్రొఫెసర్‌గా ఉన్న ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఈ ఫలితాలు చదివి, 1886లో దీని వెనకున్న లెక్కంతా తేల్చాడు. బేరింగుల గురించి ఇప్పటికీ ఇంజనీర్లు వేసే లెక్కలు ఆ సమీకరణం నుంచి మొదలయ్యేవే. గొట్టాల్లో నీటి ప్రవాహం గురించి చదివినప్పుడు రేనాల్డ్స్ నంబర్ అని బట్టీ పట్టాం కదా, ఆ రేనాల్డ్సే ఈయన.

ఇక్కడో మెలిక ఉంది. మన గ్యారేజీ కబుర్లలో "ఆయిల్ ప్రెషర్" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. బేరింగు లోపల నూనె పొరలో పుట్టే ఒత్తిడి ఒకటి. నడుస్తున్న కారు ఇంజన్లో ఇది వేల పీఎస్ఐల్లో ఉంటుంది. దాన్ని ఏ గేజీ చూపించదు. పంపు నుంచి గొట్టాల్లో వచ్చే ఒత్తిడి రెండోది. ఇది పదుల్లో ఉంటుంది. గేజి చూపించేదీ, దీపం కాపలా కాసేదీ ఇదే. ఈ రెండోది బరువు మోయదు. బేరింగు దాకా నూనె అందేట్టు చూడటమే దాని పని. మేడ మీద వాటర్ ట్యాంకు లాంటిదనుకోండి. ట్యాంకులో నీళ్లుంటే కుళాయిలో వస్తాయి, అంతే. స్నానం ట్యాంకు చెయ్యదు కదా :-)

ఈ రెండోదాన్ని కావాలని పంపు పెట్టి పుట్టించిన తొలివాళ్లలో ఒకడు బర్మింగ్‌హామ్‌లోని బెలిస్ అండ్ మోర్కమ్ కంపెనీలో డ్రాయింగులు గీసే ఆల్బర్ట్ పెయిన్. కరెంటు పుట్టించే డైనమోలని తిప్పడానికి వేగంగా తిరిగే ఆవిరియంత్రాలు కావాల్సొచ్చాయి. చుక్కచుక్కగా నూనె పోసే పద్ధతి ఆ వేగానికి ఆగలేదు. 1890లో ఆయన పేటెంటుతో బేరింగులకి పంపు ద్వారా నూనె పంపడం మొదలైంది. ఒత్తిడి కొలిచే గేజి అప్పటికే ఉంది. ప్యారిస్‌లో యూజీన్ బుర్డాన్ 1849లోనే ఆవిరి బాయిలర్ల కోసం చేసి పెట్టాడు. వంపు తిరిగిన ఒక చదునుపాటి గొట్టం, లోపల ఒత్తిడి పెరిగితే నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికకి ముల్లు తగిలిస్తే గేజి. ఇవాళ మెకానిక్ దగ్గరుండే ముల్లు గేజీ కూడా అదే.

కార్ల దగ్గరికొస్తే కథ సాఫీగా సాగలేదు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైచిలుకు అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్ పంపే లేదు. పంపే లేనప్పుడు ప్రెషరెక్కడిది, గేజెక్కడిది! తిరిగే ఫ్లైవీలు నూనెని ఎగరేస్తే, ఒక చిన్న గరాటు దాన్ని పట్టి గొట్టం గుండా ఇంజను ముందుభాగానికి పంపుతుంది. అక్కణ్ణుంచి అది వెనక్కి పారుతూ కనెక్టింగ్ రాడ్ల కిందున్న గుంటలు నింపుతుంది. రాడ్లు ఆ గుంటల్లో మునిగి లేస్తూ నూనె చిలకరించుకుంటాయి. నూనె ఎంతుందో తెలియాలంటే డ్రైవరు బండి కిందకి దూరి, ఒకదాని పైన ఒకటున్న రెండు చిన్న కుళాయిలు తిప్పి చూడాలి. కింది దాంట్లోంచి కారి పైదాంట్లోంచి కారకపోతే సరిపోయినట్టు. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు నూనె వెనక్కి పోయి ముందు రాడ్డు ఎండిపోయేది. అయినా ఆ బండి ప్రపంచమంతా తిరిగింది. టవర్ కనిపెట్టింది నిజమని దీన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది నాకు. నూనె అందితే చాలు, ఒత్తిడి సంగతి ఇరుసు చూసుకుంటుంది.

1929లో వచ్చిన షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజను మధ్యరకం. పంపు ఉంది గానీ రాడ్లకి మాత్రం చిలకరింపే. దాని తర్వాతి తరం ఇంజన్లలో గేజి మీద అంకెలు 30తోనే ఆగిపోయేవి. ముల్లు సగం దగ్గరుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇవాళ్టి డ్రైవరు హైవే మీద అంత తక్కువ ప్రెషర్ చూస్తే బండి పక్కకి లాగేస్తాడు! కాబట్టి "ఆయిల్ ప్రెషర్ ఎంతుండాలి?" అన్న ప్రశ్నకి ఇంజను పేరు చెప్పకుండా జవాబు లేదు.

మనకి దగ్గరి ఉదాహరణ అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైను తెచ్చి 1950ల చివర ఉత్తరపారాలో మొదలుపెట్టి, 2014 దాకా చేశారు. చాలా ఏళ్లు దాన్ని లాగిన 1489 సీసీ ఇంజను, బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్ వాళ్ల బీ సిరీస్ కుటుంబంలోది. అదే కుటుంబంలో 1798 సీసీ తమ్ముడు 1962 నుంచి ఎమ్‌జీబీ అనే స్పోర్ట్స్ కారులో వచ్చాడు. ఆ కారు పుస్తకంలో అంకెలు స్పష్టంగా ఉన్నాయి: పరుగులో 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడ్లింగులో 10 నుంచి 25. మళ్లీ చదవండి. వేడెక్కిన ఇంజను స్లో స్పీడులో 10 చూపించినా అది జబ్బు కాదని తయారుచేసినవాళ్లే రాశారు.

గేజి ఉన్న బండ్లలో గొడవేంటంటే, ఆ తరం గేజీల్లో ఇంజను నుంచి సన్నటి గొట్టం ద్వారా వేడి నూనె డాష్‌బోర్డు దాకా వచ్చేది. గొట్టం పగిలితే డ్రైవరు కాళ్ల మీద నూనె. పైగా ఖర్చు. 1930ల్లో అమెరికాలో హడ్సన్ కంపెనీ గేజి బదులు దీపం పెట్టింది. అక్కడి కార్ల పిచ్చోళ్లు దానికి "తెలివితక్కువవాడి దీపం" అన్న అర్థం వచ్చే పేరు తగిలించారు. ఆ వెటకారం ఇప్పటికీ వాడుకలో ఉంది. అయినా దీపమే గెలిచింది. అన్నట్టు, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఆయిల్ ప్రెషర్ దీపం రంగు ఆకుపచ్చ! ఎర్రది డైనమోకి. పచ్చదీపం వెలిగితే ఆగమని అర్థం చేసుకోవాలి పాపం.

దీపం వెనకున్న స్విచ్చి లోపల ఒక పొర, ఒక స్ప్రింగు, అంతే. ఒత్తిడి సుమారు 4 నుంచి 7 పీఎస్ఐ దాటితే పొర వంగి కనెక్షను తెగుతుంది, దీపం ఆరుతుంది. అంటే 50 ఉండాల్సిన చోట 12 ఉన్నా దీపం కిక్కురుమనదు. ఇంజను అరుగుతున్న ఏళ్లన్నీ ఊరుకుని, ఆఖర్న కళ్లు తెరుస్తుంది. మన భాషలో చెప్పాలంటే బూలియన్. నిజమో అబద్ధమో తప్ప మూడో మాట రాదు.

దీనికన్నా ఘోరం ఒకటుంది. 1980ల చివర ఫోర్డ్ తన ట్రక్కుల్లో ముల్లు గేజిని అలాగే ఉంచి, దాని వెనక మాత్రం ఈ స్విచ్చి పెట్టింది. మధ్యలో ఒక రెసిస్టరు. ఒత్తిడి ఆరేడు పీఎస్ఐ దాటితే ముల్లు ఠంచనుగా నడిమధ్యకి వచ్చి నిలబడుతుంది, ఇక 10 ఉన్నా 60 ఉన్నా కదలదు. మాజ్దా మియాటాలో కూడా 1995 మోడల్ నుంచి ఇదే పని చేశారు. దీనికి చెప్పే కారణం ఏమిటంటే, ముల్లు మామూలుగా పైకీ కిందకీ ఊగుతుంటే కస్టమర్లు కంగారుపడి షోరూముకి వస్తున్నారట. కస్టమర్ కంగారు తగ్గించడానికి కొలతని తీసేసి, కొలత బొమ్మని మాత్రం ఉంచారు. దీపం కనీసం తనకి తెలిసిందే చెబుతుంది. ఈ ముల్లు తెలియనిది తెలిసినట్టు నటిస్తుంది. మా ఆఫీసుల్లో గోడకి వేలాడే డాష్‌బోర్డులు కొన్ని నాకు గుర్తొస్తే తప్పు నాది కాదు.

కాబట్టి పాత ఇంజనుకి రోగనిర్ణయం అంటే మొదటి పని, ఈ ఎనభై తొంభై ఏళ్లలో మన దగ్గర్నుంచి తీసేసుకున్న అంకెని తిరిగి తెచ్చుకోవడం. స్విచ్చి విప్పి, ఆ కన్నంలో ముల్లు గేజి బిగించి, ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా నడిపి, స్లో స్పీడులో ఒకసారి, 2000 ఆర్పీఎం దగ్గర ఒకసారి అంకె రాసుకోవడం. పది నిమిషాల పని. గేజిలో అంకె బాగానే ఉండి దీపం వెలిగితే స్విచ్చే పోయింది. స్విచ్చి ఖరీదుకీ ఇంజను ఖరీదుకీ ఉన్న తేడా నేను చెప్పక్కర్లేదు.

వేడెక్కాకే ఎందుకంటే నూనె అలాంటిది. ఎస్ఏఈ 40 నూనె, 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో పదోవంతు కూడా 100 డిగ్రీల దగ్గర అటూఇటూగానే మిగులుతుంది. 40 డిగ్రీలంటే రామగుండంలో వేసవి మధ్యాహ్నం బండి ముట్టుకోకముందే ఉండే వేడి. పొద్దున్నే చల్లటి ఇంజన్లో బ్రహ్మాండమైన ప్రెషర్ చూసి సంబరపడితే లాభం లేదు.

ఇక అంకె ఎందుకు పడుతుందన్నది. ఇంజన్లోని పంపు తిరిగిన ప్రతిసారీ ఇంత నూనె అని తోస్తుంది. ఒత్తిడిని పంపు పుట్టించదు, ఆ నూనె బయటపడే దారి ఎంత ఇరుకుగా ఉందన్నది పుట్టిస్తుంది. ఆ దారి బేరింగుకీ క్రాంక్ షాఫ్టుకీ మధ్య సందు. కొత్తలో సుమారు 0.05 మిల్లీమీటర్లు. సన్నటి సందులోంచి కారే నూనె, సందు వెడల్పుకి ఘనంలో పెరుగుతుంది. సందు అరిగి రెట్టింపయితే, అంతే ఒత్తిడికి ఎనిమిది రెట్లు కారుతుంది! పంపు నిదానంగా తిరిగే స్లో స్పీడులో ఈ నష్టం పూడ్చలేదు, వేగం పెంచితే పూడుస్తుంది. అందుకే అరిగిన ఇంజన్లో దీపం సిగ్నళ్ల దగ్గరే మిణుకుతుంది.

గేజి అంకెల్లో ఈ నడక కనిపిస్తే (చల్లగా బాగుంది, వేడిలో స్లో స్పీడులో పడింది, రేజ్ చేస్తే లేచింది) అరుగుదల అయినా అయ్యుండాలి, నూనె పలచబడైనా ఉండాలి. డిప్‌స్టిక్ వాసన చూడండి. ఇంధనం వాసన కొట్టినా, పొయ్యకుండానే నూనె మట్టం పెరిగినా నూనెలో ఇంకేదో కలుస్తోంది. అన్ని వేగాల్లోనూ తక్కువగానే ఉంటే పంపు, లేదా రిలీఫ్ వాల్వు కింద నలక ఇరుక్కుని అది తెరుచుకుపోయి ఉండటం. వేగం పెంచేకొద్దీ పడితే చాంబర్లో నూనె పీల్చే జాలీ మడ్డితో మూసుకుపోయిందేమో చూడాలి. ఒకే దీపం వెనక ఇన్ని వేర్వేరు కథలు, ఒక్కోదానికి ఒక్కో బిల్లు.

మరి "బోరుకొచ్చింది" అన్న మాటో? బోరంటే సిలిండరు, పిస్టను, రింగులు. అవి అరిగితే పొగ వస్తుంది, నూనె తాగుతుంది, పికప్ పోతుంది. క్రాంకు బేరింగులు ఇంజను అడుగున ఉంటాయి. నడుంనొప్పికీ ఆయాసానికీ ఒకే ఆపరేషన్ చెయ్యరు కదా.

2016లో మా అపార్ట్‌మెంటు పక్కన డీజిల్ క్యాబ్ పెట్టుకునే కుర్రాడొకడు ఇదే గొడవతో వచ్చాడు. "అన్నా, ఇంజన్ దించాల్నంటున్నరు. నలభై వేలంట. కిస్తీలు ఇంక ఏడాదున్నయి" అన్నాడు. పొగ లేదు, నూనె పొయ్యడం లేదు. వేరే గ్యారేజీలో ఒక పెద్ద మేస్త్రి గేజి పెట్టి చూస్తే వేడి మీద స్లో స్పీడులో 7, రేజ్ చేస్తే 38. దీపం అబద్ధం చెప్పలేదన్నమాట, గడప మీదే ఊగుతోంది. ఇంజను దించకుండానే కింద చాంబర్ విప్పి రాడ్ బేరింగులు తీస్తే, పైనున్న తెల్లటి మెత్తని పూత పోయి రాగిరంగు తేలిపోయింది. క్రాంకు మీద మైక్రోమీటరు పెట్టి చూసి, "దీనికి లేతు అక్కర్లేదు బిడ్డా, షాఫ్టు మంచిగుంది" అన్నాడాయన. స్టాండర్డు సైజు బేరింగులు, జాలీ కడగడం, నూనె, ఫిల్టరు కలిపి పన్నెండు వేల లోపే. తర్వాత స్లో స్పీడులో 19. రెండేళ్లు నడిపి అమ్మేశాడు. క్రాంకు కూడా అరిగి ఉంటే కథ వేరేగా ఉండేది. అప్పుడు దించక తప్పదు, షాఫ్టు గ్రైండింగుకి పంపక తప్పదు. ఆ మాట కొలిచాక చెబితే నాకే అభ్యంతరమూ లేదు.

చిక్కటి నూనె పోసి నడిపించెయ్యడం మోసమని కొందరంటారు. నేనలా అనను. 20డబ్ల్యూ-50 పోస్తే అంకె పెరగడమే కాదు, వెడల్పయిన సందులో పొర కూడా నిజంగానే మందమవుతుంది. పాత డిజైను ఇంజనుకి, దాని పుస్తకం ఒప్పుకుంటే, కొంతకాలం గడుస్తుంది. కొత్తతరం పలచటి నూనెల ఇంజన్లలో మాత్రం ఆ ప్రయోగం వద్దు. రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు పెట్టి బిగించడం మాత్రం శుద్ధ దండగ. స్లో స్పీడులో ఆ వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది, మూసిన తలుపుకి ఇంకో గడియ పెడితే ఏం లాభం? ఇక అమ్మేముందు దీపానికి వైరు పీకేసేవాళ్లది మోసమే. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు స్టార్ట్ చెయ్యకముందు తాళం తిప్పి ఆగండి, ఆ బొమ్మ వెలగాలి. వెలగకపోతే బేరం అక్కడే ఆపండి. నడుస్తున్నప్పుడు, వేగంలో ఉండగా ఆ దీపం వెలిగితే మాత్రం ఈ రోగనిర్ణయాలన్నీ పక్కనపెట్టి, బండి పక్కకి తీసి వెంటనే ఇంజను ఆపెయ్యండి. పొర తెగాక బేరింగు పాడవడానికి ఎక్కువసేపు పట్టదు.

సొంతంగా గేజి కొని చూద్దామనుకునేవాళ్లకి ఒక సంగతి. స్విచ్చి కన్నం మర చాలా బండ్లలో అంగుళంలో ఎనిమిదోవంతు సైజు. కానీ అమెరికా పద్ధతి మరకి అంగుళానికి 27 చుట్లు, జపాన్ బండ్లలో కనబడే బ్రిటిష్ పద్ధతి మరకి 28. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకటిలాగే ఉంటాయి. మొదటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. ఆ తర్వాత బిగుసుకుంటే పానా తీసి బలవంతం చెయ్యకండి, అల్యూమినియం బ్లాకులో మర పోతుంది. రెండు రకాల అడాప్టర్లూ వచ్చే కిట్ కొనుక్కోవడం మంచిది.